పది గ్రాముల రాయి

ఏడవ భాగం

కుట్టు మిషను ఆగి రెండు రోజులైంది.

ఆ ఇంట్లో అది ఆగడమంటే మాటలు ఆగడం కన్నా పెద్ద విషయం. ఇరవై ఆరేళ్ళుగా ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఇల్లాలు బడిపిల్లల యూనిఫారాలు కుడుతూనే ఉంది. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా ఆమె పాదం కింద పెడలు ఆడుతూనే ఉండేది. భార్యాభర్తలు పోట్లాడుకున్న రోజుల్లో మరికాస్త జోరుగా ఆడేది. ఇప్పుడు దాని మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన వంటింట్లోకి వెళ్ళి తన కంచం తానే తీసుకున్నాడు. గిన్నెల మీద మూతలున్నాయి. వడ్డించే మనిషి మాత్రం గడప దగ్గర కూర్చుని గుండీల డబ్బా ముందు పెట్టుకుంది. తెల్లవి ఒకవైపు, నీలివి ఒకవైపు ఏరుతోంది.

"నువ్వు తిన్నావా?" అని అడిగాడు.

 రెండు నీలి గుండీలు పక్కకు జరిగాయి.

"అమ్మాయి తిన్నదా?"

"ఏ అమ్మాయి?"

"మన అమ్మాయే."

"ఓహో, గుర్తుందే! మొన్న కోర్టులో ఎవరో దారినపోయే మనిషి సంగతి మాట్లాడినట్టు మాట్లాడారట. లాయరమ్మ చెప్పింది."

ఆయన కంచంలో అన్నం పెట్టుకుని నిలబడే ఉండిపోయాడు.

"కూర్చోండి. కూర్చుని మరోసారి చెప్పండి. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, మొన్న సరిగ్గా అర్థం కాలేదు. గుమాస్తా ఆ పొట్లం తూచాడు. ఎంతొచ్చింది?"

"తొమ్మిది పాయింట్ ఎనిమిది."

"గ్రాములే కదా?"

"గ్రాములే."

"పదికి లోపేనా?"

"లోపే."

"పదికి లోపైతే ఏం చేస్తారు?"

"మందలించి, సంతకం చేయించుకుని వదిలేస్తారు. కేసు అక్కడితో మూసేస్తారు."

"దాటితే?"

 దాటితే ఏమవుతుందో ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. దాటితే విచారణ నడుస్తుంది. నేరం రుజువైతే అమ్మాయి నర్సు లైసెన్సు రద్దవుతుంది. పసిపిల్లల వార్డులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఇక ఏ ఆసుపత్రిలోనూ ఏ రోగినీ ముట్టుకోవడానికి వీలుండదు. ఇరవై రోజుల క్రితం డ్యూటీ ముగించుకుని వస్తుంటే దారిలో పోలీసులు వాహనాలు ఆపి సంచులు వెదికారు. ఆమె సంచిలో, భోజనం డబ్బా అడుగున, మడిచిన కాగితంలో గంజాయి దొరికింది. కాగితం, దాని చుట్టూ తగిలించిన క్లిప్పుతో సహా తూచి అంకె ఎక్కువగా రాసుకుపోయారు. ఆకును మాత్రమే విడిగా తూచమని లాయరు అర్జీ పెడితే కోర్టు ఒప్పుకుంది. ఆ తూకం చూడటానికి, చూసి ఊరుకోవడానికి, తండ్రిని వెంట తీసుకెళ్ళారు.

"అంతా అయిపోయింది కదా!" అంది భార్య. "తొమ్మిది పాయింట్ ఎనిమిది. గుమాస్తా కలం కూడా తీశాడట. అప్పుడు మీరేమన్నారు?"

"త్రాసు సమంగా లేదన్నాను. దాని కాళ్ళ దగ్గర ఒక నీటిబుడగ ఉంటుంది. అది గుండ్రటి గీతకు నడిమధ్యన ఉండాలి. పక్కకు జరిగి ఉంది."

"జరిగితే జరిగింది. మీ సొమ్మేం పోయింది?"

"అలవాటుగా..."

"అలవాటుగా జేబులోంచి రాయి తీశారు."

తీశాడు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆయన తూనికల తనిఖీ అధికారి. ఇతరులు జేబులో తాళం చెవి పెట్టుకున్నట్టు ఆయన చొక్కా జేబులో పది గ్రాముల ఇత్తడి రాయి పెట్టుకునేవాడు. ఏ త్రాసునైనా నమ్మే ముందు దాని మీద ఆ రాయి పెట్టి చూడాలి. అదొక్కటే ఆయన పాటించిన నియమం. బజారులో ఆయనను 'రాయి సారు' అనేవారు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, నిజాయితీ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా గబగబా పళ్ళేలు తుడుచుకునేవారు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళైనా రాయి మాత్రం జేబు దిగలేదు.

"రాయి పెడితే తొమ్మిదిన్నర చూపించింది," అన్నాడు నెమ్మదిగా. "పది గ్రాముల రాయికి తొమ్మిదిన్నర. అంటే ఆ త్రాసు తక్కువ చూపిస్తోంది. పక్క గదిలోంచి వేరే త్రాసు తెచ్చారు."

"దాని మీద?"

"పది పాయింట్ మూడు."

భార్య గుండీల డబ్బా మూత పెట్టింది. "అప్పుడు గుమాస్తా ఏమన్నాడో అది కూడా చెప్పండి. లాయరమ్మ చెప్పింది కానీ మీ నోట వినాలని ఉంది."

"ఎందుకులే."

"'పెద్దాయనా, మీరు ముద్దాయి తరఫున వచ్చారనుకున్నాను, పోలీసుల తరఫునా?' అన్నాడట. కోర్టంతా నవ్విందట." ఆమె లేచింది. "నేను పిల్లల లాగులు కుట్టేటప్పుడు అంచు దగ్గర రెండు అంగుళాలు లోపలికి మడిచి వదులుతాను. కొలత ప్రకారం అది ఎక్కువే. పిల్లలు పెరుగుతారు కదా అని వదులుతాను. ఊళ్ళో పిల్లలకే నేను రెండు అంగుళాలు వదిలితే, కన్నబిడ్డకు మీరు అర అంగుళం వదల్లేకపోయారు."

"అంగుళం కాదు, గ్రా..." అనబోయి ఆగిపోయాడు.

ఆగినందువల్ల ఒరిగిందేమీ లేదు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

*

అమ్మాయి గది తలుపు ఓరగా తీసి ఉంది. తలుపు పక్కన ఆమె డ్యూటీ బూట్లు ఉన్నాయి. తెల్లవి. ఇరవై రోజులుగా అవి బయటికి వెళ్ళలేదు. అయినా వాళ్ళమ్మ రోజూ తడిగుడ్డతో తుడుస్తోంది. వార్డులో ఈమె కాక పదకొండు మంది నర్సులున్నారు. విషయం తేలేవరకూ రావద్దని పైవాళ్ళు చెప్పిన నాటినుంచి ఒక్కరి ఫోనూ రాలేదు. మొదటి వారం ఆమె ఫోను దిండు పక్కన పెట్టుకునేది. ఇప్పుడు అది బీరువా మీద, తెర కిందికి బోర్లించి ఉంది.

"రా నాన్నా. అక్కడే నిలబడ్డావేం? నేనేం కరవను."

ఆయన వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను. నిజం చెబుతావా?"

"నేనెప్పుడైనా..."

"అవునులే. అదే కదా వచ్చిన చిక్కు." ఆమె కొంచెం నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఆ త్రాసు తక్కువ కాకుండా ఎక్కువ చూపిస్తోందనుకో. అప్పుడు కూడా చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి."

"నాకు మేలని?"

"తప్పు కాబట్టి."

"సరే. అయితే మొన్న నువ్వు చెప్పింది త్రాసు తప్పా, నా తప్పా?"

ఆయన వెంటనే జవాబు చెప్పబోయాడు. నోరు తెరిచాక, చెప్పబోయేది నిజమో కాదో తేల్చుకోలేకపోయాడు. పోలీసులు ఫోను చేసిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు తనకు ముందుగా కలిగింది భయం కాదు, సిగ్గు. ఆ సిగ్గు మొన్న కోర్టు గదిలోకి కూడా వెంట వచ్చిందా? రాయి తీసిన చెయ్యి అలవాటు కొద్దీ తీసిందా, మరింకేదైనా తీయించిందా?

"నాకు తెలియదమ్మా," అన్నాడు.

జీవితంలో ఆయన ఆ మాట చాలాసార్లు అన్నాడు. జాతకాల గురించి, దయ్యాల గురించి, మరణం తరువాత ఏముంటుందన్న దాని గురించి ఎవరు వాదించినా, "ఆధారం దొరికేదాకా తెలియదనడమే మర్యాద" అనేవాడు. అనేటప్పుడు కాస్త గర్వం కూడా ఉండేది. ఇప్పుడు అదే మాట నోటినుంచి వచ్చింది కానీ, దాని వెంట గర్వం రాలేదు.

"ఈ ఇరవై రోజుల్లో," అంది కూతురు, "అది ఎందుకు తెచ్చుకున్నావని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు."

"నిద్ర కోసమని చెప్పావు కదా."

"చెప్పాను. నువ్వేం చేశావు? ఆ రాత్రే కూర్చుని ఏవేవో వ్యాసాలు చదివి, 'దానివల్ల నిద్ర పడుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు' అని పొద్దున్నే చెప్పావు."

"నిజంగానే లేవు."

"నీకు ఆధారాలు కావాలి నాన్నా. నాకు నిద్ర కావాలి. వార్డులో మిషన్లు కూస్తాయి చూడు, ఇంటికొచ్చి పడుకున్నా అవి చెవుల్లో కూస్తూనే ఉంటాయి. ఏ పిల్లకో ఊపిరి అందట్లేదనిపించి లేచి కూర్చుంటాను. లేచి చూస్తే ఇదే గది. ఎవరూ ఉండరు."

ఆయన చేయి చాచాడు. ఆమె మంచం ఆయన కుర్చీకి రెండడుగుల దూరంలో ఉంది. చేయి సగం దూరం వెళ్ళి, మంచం మీద మడతపడిన దుప్పటిని సరిచేసి, వెనక్కి వచ్చింది.

*

మర్నాడు సాయంత్రం లాయరు వానలో తడుస్తూ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. అడుగు పెట్టడమే మాటతో పెట్టింది.

"సార్, ముందే చెబుతున్నాను. ఇకమీదట నా అనుమతి లేకుండా మీరు కోర్టు ఆవరణలో తుమ్మకూడదు కూడా."

"సరేనమ్మా."

"ముప్ఫై కేసులు వాదించాను. అవతలివాళ్ళ సాక్షి నన్ను ముంచడం చూశాను. మన మనిషే జేబులోంచి రాయి తీసి ముంచడం ఇదే మొదలు." ఆమె గొడుగు మూసి గోడకు ఆనించింది. "ఇక మళ్ళీ తూచమనడానికి కూడా లేదు. పొట్లం నిన్న రసాయన పరీక్షకు వెళ్ళింది. అక్కడ దాన్ని పొడిచేసి ద్రావణంలో కలిపేస్తారు. కాగితం మీద మిగిలింది పది పాయింట్ మూడు, అంతే."

గొడుగు నుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కట్టాయి. ఆయన దానివైపే చూస్తున్నాడు.

"సార్, వింటున్నారా?"

"ఆ పొట్లం ఉంచిన గదిలో గోడలు చూశారా?"

"ఏ గోడలు?"

"నడుమెత్తు వరకూ చెమ్మ. సున్నం పెచ్చులూడిపోయింది. లోపలికి వెళ్ళగానే ముక్కిన వాసన వచ్చింది." ఆయన గొంతులోకి, చాలా రోజుల తరువాత, పాత తనిఖీ అధికారి వచ్చాడు. "ఎండిన ఆకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాదాపు మూడు వారాలు వానల్లో ఆ గదిలో ఉంది. దొరికిన రోజున దాని బరువు అంతకంటే తక్కువే అయి ఉండాలి. చట్టం అడిగేది దొరికిన రోజు బరువే కదా?"

లాయరు సంచిలోంచి కలం తీసింది. "ఎంత తక్కువ?"

"ఊహించి చెప్పకూడదు. చేసి చూడాలి."

"చేయండి. నిరూపించగలిగితే మిమ్మల్నే సాక్షిగా పిలుస్తాను. విచారణకు ఆరు రోజులుంది."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.  లాయరు వెళ్ళాక, ఎండబెట్టిన పుదీనా ఆకుల సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. పాత కాగితాలు తెచ్చి, చేతి కొలతతోనే, మూడు సమానమైన ముక్కలు కత్తిరించింది. ఆయన స్కేలు పెట్టి చూశాడు. మూడూ ఒకే కొలతలో ఉన్నాయి.

*

గాజుపెట్టెలోని తన పాత త్రాసును ఆయన అలమరలోంచి దించాడు. రాయితో సరిచూశాడు. ఒక్కో పొట్లంలో సరిగ్గా పది గ్రాముల ఆకు కట్టాడు. మెట్ల కింద చెమ్మెక్కిన చిన్న గది ఉంది. పాత బక్కెట్లు, పనికిరాని కుర్చీ ఉండే చోటు. మూడు పొట్లాలూ అక్కడ వరసగా పెట్టి తలుపు వేశాడు.

ఆ తరువాత చేయవలసిన పని ఏమీ లేదు. ఆకు తేమ పీల్చుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా ఆయన పూటకోసారి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడేవాడు. ఇంట్లో ముగ్గురు మనుషులు మూడు గదుల్లో ఉన్నారు. ఒకరి అడుగుల చప్పుడు వినబడితే మరొకరు ఆగి, ఆ అడుగులు దాటిపోయాక కదిలేవారు. మూడో రోజున కుట్టు మిషను మీది తెల్లగుడ్డ తీసి ఉంది. చప్పుడు మాత్రం లేదు.

అయిదో రోజు, విచారణకు ముందటి మధ్యాహ్నం, పొట్లాలు విప్పి తూచాడు.

మొదటిది పది పాయింట్ అయిదు. రెండోది పది పాయింట్ నాలుగు.

 ఆ లెక్కన అమ్మాయి పొట్లం దొరికిన రోజున పదికి లోపే. రెండు విధాలా లోపే! కూతుర్ని పిలవబోయాడు. పిలవబోయి, మూడో పొట్లం విప్పాడు.

పది పాయింట్ రెండు.

మళ్ళీ తూచాడు. త్రాసును రాయితో సరిచూసి మళ్ళీ తూచాడు. పది పాయింట్ రెండే. మూడోదే నిజమైతే, దొరికిన రోజున పొట్లం పదికి పైనే, ఒక పిసరు పైన. ఆ ఒక్క పొట్లం ఎందుకు తక్కువ పీల్చింది? గోడకు కాస్త దూరంగా ఉందా? కాగితం మడత గట్టిగా పడిందా? మరో అయిదు రోజులుంటే తేల్చవచ్చు. ఒక్క రాత్రే ఉంది.

మూడు అంకెలూ పుస్తకంలో రాశాడు.

ఫోనులో లాయరు అంతా విన్నది. "రెండు చాలు సార్. మొదటి రెండే చెప్పండి."

"మూడోది?"

"ఎవరూ అడగరు."

"అడిగితే?"

"ఎన్ని పొట్లాలు పెట్టారో మీరు చెబితేనే కదా అడిగేది!" ఆమె గొంతు కాస్త తగ్గింది. "సార్, నేను అబద్ధం చెప్పమనట్లేదు. కొంచెం తక్కువ చెప్పమంటున్నాను. పొద్దున తొమ్మిదింటికి కారు పంపిస్తాను."

ఫోను పెట్టి తల తిప్పితే కూతురు గుమ్మంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆమె వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుంది. మూడు వరసలూ చదివింది. ఆమెకు లెక్క వివరించనక్కర్లేదు. పసిపిల్లల మందు చుక్కల్లో కొలిచి పోసే మనిషి.

"పెన్నుతో రాశావు."

"ఎప్పుడూ పెన్నుతోనే రాస్తాను."

"తెలుసు." ఆమె వేలు మూడో వరస మీద ఆగింది. "వార్డులో ఎవరైనా చార్టులో ఒక అంకె దాస్తే నేనేం చేస్తానో తెలుసా? అదే రోజు పైకి రాసి పంపుతాను. స్నేహితురాలైనా సరే. ఒకసారి పంపాను కూడా. ఇప్పుడు నాకు ఫోను చేయనివాళ్ళలో ఆమె కూడా ఉంది."

"నువ్వు చేసింది సరైన పనే."

"కాదని నేను అనలేదు." ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. చాలాసేపు దాని అట్ట మీదే చేయి ఉంచింది. "ఈ ఒక్కసారికి..." అని మొదలుపెట్టి, పూర్తి చేయకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం కుట్టు మిషను కొద్దిసేపు ఆడింది. ఒక నిమిషమో, అంతకన్నా తక్కువో. ఏం కుట్టిందో ఆయన చూడలేదు. చప్పుడు విన్నందుకే గుండె తేలికపడింది.

*

పొద్దున ఎనిమిదిన్నరకు ఇస్త్రీ చొక్కా కుర్చీ వీపుకు తగిలించి ఉంది. ఆయన తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. బల్ల మీది రాయి తీసి, ముప్ఫై ఏడేళ్ళుగా ఏ రోజూ చూడకుండానే చేస్తున్నట్టు, జేబులో వేయబోయాడు.

వేళ్ళు లోపలికి వెళ్ళలేదు.

వంగి చూసుకున్నాడు. జేబు మూతి ఈ చివర నుంచి ఆ చివరి దాకా కుట్టేసి ఉంది. సన్నటి కుట్లు. చొక్కా రంగు దారమే. దూరం నుంచి చూస్తే మామూలు జేబులాగే కనబడుతుంది.

ముందుగదిలో భార్య మిషను ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఆమె పక్కన కూతురు, తెల్లబూట్లు వేసుకుని, సిద్ధంగా నిలబడి ఉంది. ఇరవై ఏడు రోజుల తరువాత ఆ బూట్లు ఇల్లు దాటబోతున్నాయి.

ఇద్దరిలో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు.

రాయి అరచేతిలో చల్లగా ఉంది. బల్ల అంచున, పుస్తకం ఉన్న చోటుకు జానెడు దూరంలో, దారం తెంపే చిన్న కత్తెర కనబడింది. భార్య దాన్ని అక్కడ మరిచిపోయిందా? ఇరవై ఆరేళ్ళలో ఆమె కత్తెర ఎక్కడా మరిచిపోగా ఆయన చూడలేదు.

వీధిలో కారు హారను మోగింది.

"నాన్నా," అంది కూతురు, "వెళ్దామా?"

ఆయన కత్తెర వైపు చూశాడు.